మా అన్న కాచిన బీరు

నేను మొదటిసారి మందు తాగింది మా అన్న ఉద్యోగం కోసం. ఇట్లా రాస్తే నాకే నవ్వు వస్తుంది గాని, జరిగింది అదే. ఇరవై నాలుగేళ్ళ వయసులో, మా ఇంటి వెనక వరండాలో, ఒక శనివారం మధ్యాహ్నం. అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పోయి ఉంది. నాన్న వరికోత మిషను వెంట కొడవలూరు వైపు ఉన్నాడు. కోతల రోజుల్లో ఆయన ఇంట్లో కనపడడు.

మా అన్న బెంగుళూరులో బీరు తయారుచేస్తాడు. పెద్ద కంపెనీ కాదు. ఒక హోటలు, ఆ హోటలు వెనకే ట్యాంకులు, అక్కడ కాచింది అక్కడే పోస్తారు. అమ్మకు చెప్పింది మాత్రం కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీ అని. చర్చిలో ఎవరన్నా అడిగితే "డ్రింకుల ఫ్యాక్టరీలో ఇంజినీరు" అంటుంది అమ్మ, 'డ్రింకుల' అనే చోట గొంతు కొంచెం తగ్గించి. ఆ తగ్గించడం విన్నప్పుడల్లా ఆమెకు ఎంతవరకు తెలుసో అని నాకు అనుమానం.

పోయిన వానాకాలంలో అన్నకు జ్వరం వచ్చింది. వారంలో జ్వరం తగ్గింది గాని, వాసన తెలియడం కూడా దాంతోనే పోయింది. గదిలో పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, పక్క గదివాళ్ళు వచ్చి తలుపు కొట్టేదాకా తెలియలేదంట. డాక్టరు రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు. అన్న ఆ సంగతి నాకు ఫోనులో చెప్పి, "ఎవరితో అనబాక" అన్నాడు. నేను ఎవరితో ఏం అంటాను? ఎవరితోనూ ఏదీ అనని దాన్ని కాబట్టే నాకు చెప్పి ఉంటాడు.

బీరు కాచేవాడికి ముక్కు పోవడం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. నేను అల్లూరులో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రైతులు రొయ్యల గుంటల నీళ్ళు సీసాల్లో తెస్తారు. మీటర్లు ముంచకముందే మూత తీసి వాసన చూస్తాను. అడుగున బురద కుళ్ళుతోందా, మేత ఎక్కువ పడిందా, ముక్కుకు తెలిసిపోతుంది. రైతులు ఎగతాళి కూడా చేస్తారు, ఆ పాప ముక్కు పెడితే చాలు మిషను దండగ అని. నేను తల వంచుకొని రిపోర్టు రాసి ఇస్తాను. నోటితో చెప్పడం కంటే రాసివ్వడం నాకు తేలిక. ఇంటికి వచ్చాక కూడా అంతే, రోజూ డైరీ రాస్తాను, దాన్ని నా పుస్తకాల కింద పెడతాను.

అన్న ఆ నెలలన్నీ థర్మామీటర్లతో, మీటర్లతో, ఎదుటివాళ్ళ ముఖాలు చూసి నెట్టుకొచ్చాడు. ఇంతలో ఓనరు ఒక ట్యాంకు అన్నకే వదిలేసి, నీకు నచ్చింది కాచు అన్నాడు. అన్న ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నది బెల్జియం పద్ధతి ఏల్. అది కూడా బీరులో ఒక రకమేనంట, కాకపోతే ఘాటు ఎక్కువ, మామూలు బీరుకు రెండింతలు ఎక్కుతుంది. అందులో చక్కెరకు బదులు మన తాటిబెల్లం వేశాడు. ఇప్పుడు ఆ ట్యాంకు సిద్ధమైంది. సోమవారం ఓనరు తాగి చూసి, జనానికి పోయాలో వద్దో తేలుస్తాడు. అందులో ఏదన్నా దోషం ఉండి, కాచినవాడికే అది తెలియలేదని బయటపడితే, అన్న ముక్కు సంగతి కూడా బయటపడుతుంది. ఉద్యోగం ఉండదు. అందుకని థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసుకొని, నాలుగు సీసాలు పెట్టుకొని, నా ముక్కు కోసం ఊరికి వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం అమ్మ గేటు వేసిన చప్పుడు కాగానే అన్న టీ గ్లాసులు మూడు తీసి కడిగాడు. నేను కడిగి పెట్టినవే అవి. సబ్బు వాసన మిగిలితే నురగ నిలవదని చెప్పి, వేడినీళ్ళతో మళ్ళీ కడిగి, బోర్లించి, ఆరేదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. సీసాలు ఐసులోంచి తీసి అరగంట బయట పెట్టాడు. మరీ చల్లగా ఉంటే వాసన లేవదంట. తరవాత నన్ను అటు తిరగమని, మూడు గ్లాసుల్లో పోసి, మూడూ చూసి చెప్పమన్నాడు.

నడిమి గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకోగానే నాకు తెలిసింది. వెనిగర్. తక్కువే గాని, సందేహం లేదు. మిగతా రెండిట్లో అది లేదు. మూడు గ్లాసులూ పెదవికి తగిలించాను. అన్న నా ముఖంలోకే చూస్తున్నాడు.

"మూడూ బాగున్నాయన్నా" అన్నాను.

ఇది అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. మా ఇంట్లో అన్నం ముందు పెట్టుకొని ప్రార్థన చేస్తాము. దేవుడికి వందనాలు చెప్పిన అన్నానికి తరవాత వంక పెట్టకూడదు. చిన్నప్పటినుంచి అదే అలవాటు. ఒక క్రిస్మస్‌కు అమ్మ కోడికూరలో ఉప్పు వేయడం మరిచింది. పాస్టరుగారు, ఆయన భార్య, నాన్న, అన్న, నేను, అందరమూ తిన్నాము. పాస్టరుగారు రెండోసారి వడ్డించుకున్నారు కూడా. అందరికీ పెట్టి చివర కూర్చున్న అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని మా ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరూ తల ఎత్తలేదు. అట్లాంటి ఇంట్లో పెరిగిన నాలుకకు, మనవాళ్ళు చేతికిచ్చింది ఏదైనా సరే, ముందు వచ్చే మాట 'బాగుంది'.

అన్న కూడా ఆ ఇంట్లోనే పెరిగాడు. అయినా నన్ను నమ్మి వచ్చాడు. గ్లాసు చేతిలోకి తీసుకొని కాసేపు ఊరకే తిప్పాడు.

"నీ ముక్కు చూద్దామని నడిమి దాంట్లో నాలుగు చుక్కలు వెనిగర్ పోసినా, పాపా."

"తెలుసు."

"తెలిసి చెప్పలా?"

"నువ్వు చేసినావు గదా."

అన్న నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. తరవాత గ్లాసు కింద పెట్టి, మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "దీనికి మనం ప్రార్థన చెయ్యలేదు గదా. చర్చిలో ఎవరూ చెయ్యరు కూడా. దీన్ని ఎంత తిట్టినా నీకు పాపం రాదు. ఇప్పుడు చెప్పు."

నడిమి గ్లాసు పారబోసి, ఇంకో సీసా తెరిచాడు. ఈసారి ఎట్లా చూడాలో నేర్పించాడు. ముందు కంటితో, తరవాత ముక్కుతో, తరవాత చిన్న గుక్క. నోట్లో కాసేపు ఆపాలి. మింగినాక నోరు మూసుకొని ముక్కుతో గాలి వదలాలి. అసలు రుచి ఆ గాలిలో ఉంటుందంట.

రంగు తాటిబెల్లం పాకం లేతగా ఉన్నప్పటి రంగు. పైన నురగ తెల్లగా, దట్టంగా, వేలితో తీయొచ్చు అనిపించేట్టు నిలబడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు అరటిపండు. దాని వెంట లవంగం. మళ్ళీ కాసేపటికి కమలా తొక్క గిల్లినప్పుడు చేతికి అంటే ఆ వాసన. ఏ పండూ, ఏ లవంగమూ అందులో వేయలేదంట. బీరును పులియబెట్టే ఈస్ట్ తనంతట తానే ఆ వాసనలు పుట్టిస్తుందంట. నాకు నమ్మబుద్ధి కాలేదు. చిన్న గుక్క తీసుకున్నాను. నాలుక మీద చురుకు చురుకుమని, ముందు తీపి, అది నిలవకుండా పొడిబారిపోయి, చివర మిరియం. గొంతులో దిగినాక శొంఠి కషాయం తాగినట్టు రొమ్ములో వెచ్చదనం. మందు అంటే వీధి చివర దుకాణం ముందు వచ్చే ఆ కంపు అనుకునేదాన్ని. ఇంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

చెబుతూ ఉంటే అన్న ఫోనులో టైపు చేసుకున్నాడు. తరవాత తన గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకొని ఒక గుక్క తాగాడు. వాడికి తీపి, చేదు, పులుపు, మంట తెలుస్తాయి. అంతకు మించి గోడ.

"అరటి అన్నావే, ఎట్టాంటి అరటి?"

"చక్కెరకేళి. తొక్క మీద నల్లమచ్చలు వచ్చినాక ఇంకో రోజు ఆగితే ఉంటుందే, అది."

"నల్లమచ్చలు వచ్చినాక ఇంకో రోజు" అని అన్న తనలో తాను అనుకొని, మళ్ళీ ఒక గుక్క తాగి, మళ్ళీ అడిగాడు. "బాగా తెలుస్తా ఉందా, ఊరికే కొంచమా?"

"బాగా."

అప్పుడు వాడి ముఖం చూసి ఉంటే ఎవరైనా నాలాగే చేసి ఉండేవాళ్ళని నాకు నేను చెప్పుకుంటాను. ఎందుకంటే రెండో సీసాలోంచి పోసిన ఆ గ్లాసులోనే నాకు ఇంకొకటి తగిలింది. అరటి వెనక, లవంగం వెనక. బీరు కొంచెం వెచ్చబడేకొద్దీ అది ముందుకు వస్తోంది. రెండో గుక్కకు గొంతు చివర గీరింది. అన్న ఇంకా ఏమన్నా ఉందా అని అడిగాడు. అంతే అన్నాను. వెనిగర్ అప్పుడు చెప్పింది అలవాటు కొద్దీ అబద్ధం. ఇది అలవాటు కాదు. తెలిసే చెప్పాను.

అమ్మ వచ్చేసరికి గ్లాసులు కడిగి పెట్టేశాము. అయినా ఆమె ఒక గ్లాసు తీసి నీళ్ళు తాగబోయి ఆగింది. "లవంగాలేసి ఏం కాచినారు మీరు?"

"కషాయం అమ్మా" అన్నాడు అన్న.

"జలుబా నాయనా?"

"ముక్కుకు."

అమ్మ అన్న నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, రెండువైపులా తిప్పి మెడ మీద కూడా పెట్టింది. ఆ పూట రసంలో మిరియాలు ఎక్కువ వేసింది.

సాయంత్రం డైరీలో అంతా రాశాను. రంగు, నురగ, చక్కెరకేళి, లవంగం, కమలా తొక్క, మిరియం. ఆ తరవాత ఇట్లా రాశాను: "వాటన్నిటి వెనక, తలుపు చాటున నిలబడి లోపలికి రానా వద్దా అనుకునే మనిషిలాగా, మా ల్యాబులో సీసాల మీద మార్కరు చెరిపే మందు వాసన. గ్లాసు వెచ్చబడితే ఆ మనిషి లోపలికి వచ్చేస్తుంది." రాసేశాక మనసు తేలిక పడుతుందనుకున్నాను. ఎప్పుడూ పడేది. ఆ రోజు పడలేదు.

మర్నాడు చర్చిలో బల్ల ఆరాధన. క్రీస్తు రక్తానికి గుర్తుగా చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఇస్తారు. నా ముందు వరసలో మగవాళ్ళవైపు అన్న కూర్చొని ఉన్నాడు. గ్లాసు చేతికి వచ్చినాక అందరూ తాగేశారు. అన్న ఒక్కడే దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని అట్లాగే ఉండిపోయాడు. ప్రార్థన చేస్తున్నాడని పక్కవాళ్ళు అనుకొని ఉంటారు. నాకు వాడి చెవి, దవడ మాత్రం కనపడుతున్నాయి. దవడ బిగుసుకొని, కాసేపటికి వదులయింది. గటుక్కున తాగేశాడు.

బయటికి వచ్చాక బైకు తీస్తూ, మధ్యాహ్నం ఓనరుకు ఫోను చేస్తానని చెప్పాడు. దిగులేం లేదు, సోమవారం మీ స్నేహితులను కూడా పిలుచుకోండి అని చెబుతాడంట. నా మాటలన్నీ కంఠతా వచ్చేశాయంట. అరటి, లవంగం, కమలా తొక్క అని బైకు స్టార్టు చేస్తూ కూడా చెప్పుకున్నాడు.

నేను వెనక కూర్చున్నాను. వాడి ముఖం కనపడకపోవడం వల్లనే నోరు వచ్చిందనుకుంటాను. రోడ్డుకు రెండువైపులా కోసిన మళ్ళు. వడ్లు తారు మీదే ఆరబోసి ఉంటే అన్న పక్కగా మెల్లగా పోనిస్తున్నాడు.

"అన్నా, ఇంకొకటి ఉండింది."

"దేంట్లో?"

"నిన్న దాంట్లో. మంచిది కాదు."

అన్న కాలవ కల్వర్టు దగ్గర బైకు ఆపి, స్టాండు వేసి, దిగాడు. నేను దిగి, కాలవలోకి చూస్తూ చెప్పాను. నెయిల్ పాలిష్ మాదిరి వాసన, ల్యాబులో మార్కరు రాతలు చెరపడానికి వాడే మందు మాదిరి, గొంతులో గీరడం, వెచ్చబడితే ఎక్కువవడం.

"అది ఆల్కహాలు, పాపా" అన్నాడు అన్న. కోపం లేదు, తొందరగా అన్నాడు. "ఘాటు బీరు గదా. నువ్వెప్పుడూ తాగలా. నీకట్టానే అనిపిస్తాది."

వాడు ఇదే అంటాడని నాకు తెలుసు. నిన్న సాయంత్రం నుంచి నన్ను నేను ప్రశ్నించుకున్నదీ అదే. ఒక్క మధ్యాహ్నం రెండు గ్లాసులు తాగిన దాన్ని, ఎన్నేళ్ళుగానో కాచేవాడికి వంక చెప్పడం ఏమిటి? ఊరుకుంటే ఆ మాట అక్కడితో అయిపోయేది. కానీ నేను రోజూ చేసే పని గుర్తుకొచ్చింది.

"ఆల్కహాలు వాసన నాకు తెలుసన్నా. ల్యాబులో స్పిరిట్ దీపం రోజూ నేనే వెలిగిస్తా. చెరిపే మందు సీసా దాని పక్కనే ఉంటుంది. అది వేరే, ఇది వేరే. నీ గ్లాసులో రెండూ ఉన్నాయి."

అంత పొడుగు మాట నేను ఎవరికైనా ఎదురు చెప్పడం అదే మొదలు. అన్న కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. వడ్లు తిరగేసే ఒకామె కాళ్ళతో గీతలు గీసుకుంటూ మా దగ్గరిదాకా వచ్చి, చూసి, వెనక్కి పోయింది. అప్పుడు చెప్పాడు. ఈస్ట్ వేసిన రెండో రాత్రి ట్యాంకును చల్లబరిచే మిషను ఆగిపోయింది. పొద్దున చూసేసరికి బాగా వేడెక్కి ఉంది. వేడిలో ఈస్ట్ పనిచేస్తే ఈ వాసనే పుడుతుంది. అది ఆ పొద్దునే పట్టుకోవాల్సింది.

"ఆ పొద్దున మూత తీసి, ముఖం దాంట్లో పెట్టి నిలబడినా పాపా. చానాసేపు. ఏమీ రాలా. ఏమీ రాకపోతే, ఏమీ లేదనుకున్నా."

నిలవ పెడితే పోదా అని అడిగాను. తగ్గొచ్చు, పోదు అన్నాడు. నిన్ననే ఎందుకు చెప్పలేదన్నాడు.

"నువ్వు అరటి గురించి రెండుసార్లు అడిగినావు" అన్నాను.

అన్న నా తల మీద చెయ్యి వేసి కొంచెం ఊపాడు, చిన్నప్పుడు ఊపినట్టు. ఇద్దరమూ అట్లాగే కాలవ చూస్తూ కూర్చున్నాము.

ఇంటికి వచ్చాక నేనొక దారి చెప్పాను. దోషం నువ్వే కనిపెట్టినట్టు ఓనరుకు చెప్పు. మిషను ఆగిపోయిన సంగతి చెప్పు, ట్యాంకు పారబోయించు. ముక్కు సంగతి ఎత్తనే అక్కరలేదు. అన్న కంచంలో అన్నం కెలుకుతూ విన్నాడు. అది జరిగే పనే. నేను రాసింది ఉంది, వాడికి అంతా కంఠతా ఉంది, ఎవరికీ అనుమానం రాదు.

"వచ్చే ట్యాంకుకు?" అన్నాడు. "దాని తరవాత దానికి? ప్రతిసారీ పెట్టె మోసుకొని నీ దగ్గరికి వస్తానా?"

రా అన్నా, అందామనుకున్నాను. అనలేదు.

బస్సుకు బయలుదేరేముందు నేను రాసింది ఇమ్మని అడిగాడు. నేను డైరీ రాస్తానని వాడికి తెలుసు, ఎన్నడూ అడగలేదు. లోపలికి పోయి ఆ కాగితం ఒక్కటి చించి తెచ్చి ఇచ్చాను. వాడు నిలబడే చదువుతుంటే నేను అక్కడ ఉండలేక, సంచిలో ఇంకో నీళ్ళ సీసా పెట్టే వంకతో అమ్మ దగ్గరికి పోయాను. తిరిగి వచ్చేసరికి కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొని ఉన్నాడు. "బాగా రాస్తావే నువ్వు" అన్నాడు.

సోమవారం ఫోను రాలేదు. నేనూ చేయలేదు. మంగళవారం పదకొండు గంటల వేళ, బల్ల మీద గుంటల నీళ్ళ సీసాలు వరసగా పెట్టుకొని ఉన్నప్పుడు మోగింది.

అన్న ముందు ముక్కు సంగతి చెప్పాడంట. తరవాత బీరు సంగతి. ఓనరుకు తెలుగు రాదు. అన్న నా కాగితంలో ఒక్కొక్క మాటా కన్నడంలో చెబుతుంటే, ఆయన ఒక్కొక్క మాటకూ ఒక గుక్క తాగి, ఊ అంటూ పోయాడంట. తలుపు చాటు మనిషి దగ్గరికి వచ్చేసరికి గ్లాసు కింద పెట్టేశాడు. చివరికి, ఇన్ని నెలలు దాచినందుకు కోపమని, బీరు పాడైనందుకు కాదని అన్నాడు. ఇకమీదట ప్రతి ట్యాంకూ అన్నతో పాటు ఇంకొకరు వాసన చూడాలి. అట్లా కొన్ని నెలలు చూద్దాం, ఆ తరవాత సంగతి తరవాత అన్నాడంట.

"పంపించెయ్యలా?" అన్నాను.

"ఇప్పటికి లేదు." తరవాత అన్న గొంతు కొంచెం దూరమైంది, ఫోను ఎక్కడో పెట్టినట్టుంది. "ట్యాంకు పారబోస్తా ఉండా. పెట్టేయబాక, ఉండు."

ఒక ఇనుప చప్పుడు, దాని వెంట ధార. ముందు పెద్దగా, తూముకు అడ్డం తీసినట్టు. బెల్లం వేసి, నెలా పదిరోజులు కనిపెట్టుకొని ఉన్న బీరు. చెవి దగ్గర ఫోను పట్టుకొని నిలబడ్డాను.

ఇస్కపల్లి వైపునుంచి వచ్చే ముసలి రైతు ఒకాయన సీసా పట్టుకొని లోపలికి వచ్చి, "అమ్మాయ్" అన్నాడు. నేను చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ఎప్పుడూ ఎవరినీ ఆగమనని దాన్ని. ఆయన నా ముఖం చూసి, సీసా పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చొని తలగుడ్డ విప్పి విసురుకున్నాడు.

ధార సన్నబడింది. చుక్కలయింది. ఆగిపోయింది. కాసేపు ఏమీ వినపడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. అంతలో పైపు తిప్పిన చప్పుడు, రేకుకు నీళ్ళు కొట్టిన చప్పుడు. అన్న ట్యాంకు కడుగుతున్నాడు.